కారు సీటు మీద నూనె పడితే (కొంచెం పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి)



రెండు వారాలుగా నాకు ఒకటే ఫోన్లు. "ఆ పిల్లగాని గాడీ సీటు ఎట్ల సాఫయింది? ఏం రాసిన్రు?" అని. నలుగురికి చెప్పాను. అయిదో ఆయనకు చెప్పేసరికి సగం మరిచిపోయాను. అందుకే ఒక్కసారి కూర్చుని రాస్తున్నాను. మన సోలాపూర్ పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. గాడీ నడిపేది వాళ్ళే కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు దయచేసి చదివి వినిపించండి.

సంగతి ఇది. మా గల్లీలో ఒక పిల్లవాడు కారు కిరాయికి నడుపుతాడు. వరసకు నాకు అల్లుడవుతాడు. వాళ్ళ నాయన నడిపిన రెండు సాంచెలు తుక్కు కింద అమ్మి, ఆ డబ్బు ముందుగా కట్టి, మిగతాది అప్పు మీద తీసుకున్న గాడీ. వాయిదా ప్రతి నెల 5వ తారీఖు. తుల్జాపూర్, అక్కల్‌కోట్, పంఢర్‌పూర్ యాత్రల కిరాయిలు ఉన్నప్పుడు ఉంటాయి, లేనప్పుడు లేవు. అతనికి నిలకడగా వచ్చేది ఒకటే: ఒక ముసలమ్మను వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకుపోయి తీసుకురావడం. నెలకు ఇంత అని మాట. ఆ ఒక్క కిరాయితోనే వాయిదాలో సగం గడిచిపోయేది.

ఒక రోజు పుణెకు కిరాయి దొరికింది. ఎక్కినవాళ్ళు గానుగ నుంచి తెచ్చిన అయిదు లీటర్ల కుసుమ నూనె డబ్బా, రెండు కిలోల శేంగా చట్నీ వెనక సీటు మీద పెట్టుకున్నారు. టెంభుర్ణీ దాటేసరికి డబ్బా మూత వదులైంది. చట్నీ పొట్లం ఆ నూనెలో నానింది. వాళ్ళు హడప్‌సర్‌లో దిగి, ఒక్క మాట చెప్పకుండా పోయారు. పిల్లవాడు రాత్రి ఇంటికి వచ్చాక చూసుకున్నాడు. చిన్న తాంబాళం అంత మరక, మధ్యలో ఎర్రగా కారం రంగు. సీసాలో నీళ్ళు పోసి డస్టర్‌తో గట్టిగా రుద్దాడు. తెల్లారి చూస్తే తాంబాళం కాస్తా పరాతంత అయింది.

తెల్లారే డయాలసిస్ రోజు. మీద ఒక దుప్పటి పరిచి తీసుకుపోయాడు. ఆ ముసలమ్మ చీర వెనక అంతా నూనె. ఆమె ఏమీ అనలేదు. కొడుకు మాత్రం చాలా మర్యాదగా, "ఈ నెల వేరే గాడీ చూసుకుంటాం" అన్నాడు. మర్యాదగా చెప్పిన మాటకు జవాబు ఉండదు కదా. పిల్లవాడు కారు కడిగే దుకాణానికి పోతే లోపలంతా కడగడానికి మూడు వేలు అడిగారు, మరక పోతుందని మాట మాత్రం ఇవ్వలేదు. కొత్త కవర్లు వేయిస్తే దానికి రెండింతలు. అప్పటికి తారీఖు 28.

ఆ సాయంత్రం సంఘం గదికి వచ్చి కూర్చున్నాడు. మన గది సంగతి మీకు తెలుసు. ఒకరికి జ్వరం అంటే పదిమంది డాక్టర్లు. ఒకాయన పెట్రోలు అన్నాడు. ఇంకొకాయన గ్యాసు నూనె అన్నాడు. నిమ్మకాయ, టూత్‌పేస్టు, షేవింగ్ క్రీము, వంట సోడాలో సిర్కా పోస్తే బుసబుస పొంగి మరకను లాగేస్తుందని వీడియోలో చూశానని ఒక తమ్ముడు. వరసగా చెబుతాను. పెట్రోలు వద్దే వద్దు. మూసిన కారులో దాని ఆవిరి నిలుస్తుంది, ఒక్క మిణుగురు చాలు. అది కాకపోయినా సీటు గుడ్డను కింది స్పాంజికి పట్టి ఉంచే జిగురును వదిలించేస్తుంది, గుడ్డ బుడగలు లేస్తుంది. గ్యాసు నూనె కూడా నూనే. ఒక నూనెను తీసి ఇంకో నూనె పెట్టినట్టు. నిమ్మకాయ పులుపుకు నూనె కరగదు. టూత్‌పేస్టు గరుకు గుడ్డ నూగును చెడగొడుతుంది. సోడా, సిర్కా కలిపితే ఒకదాన్నొకటి చంపుకుని గాలి, నీళ్ళు, కొంచెం ఉప్పులాంటి పదార్థం మిగులుతాయి. పొంగడం చూడటానికి బాగుంటుంది, నూనెకు అది చేసేదేమీ లేదు. షేవింగ్ క్రీము ఒక్కటే కొంత నయం, ఎందుకంటే అది నీళ్ళు తక్కువ, నురగ ఎక్కువ ఉన్న సబ్బు. కానీ వారం దాకా గాడీలో మంగలి దుకాణం వాసన.

అప్పుడు నాకు మా పెద్దమ్మ గుర్తుకొచ్చింది.

మా పెద్దమ్మకు ఇప్పుడు 78 ఏళ్ళు. ముప్పై ఏళ్ళు ఒక టవల్ కార్ఖానాలో చెకింగ్‌లో పనిచేసింది. మన ఊళ్ళో 1877లో జూనీ మిల్లు మొదలైనప్పటి నుంచి సాంచెల దాకా ఎంత గుడ్డ నేశారో, అంత గుడ్డకూ నూనె మరకలు తీసేవాళ్ళు కూడా కావలసి వచ్చారు. ఈ సంగతి ఎవరూ రాయరు. నేసినవాళ్ళ పేరు చెబుతారు, చాదర్‌కు వచ్చిన జి.ఐ. గుర్తింపు చెబుతారు. సాంచాకు నూనె పోయకపోతే నడవదు, పోస్తే ఎక్కడో ఒక చుక్క టవల్ మీద పడుతుంది. తెల్ల టవల్ మీద ఒక్క నల్ల చుక్క ఉంటే అది సెకండ్స్ కింద పోతుంది, ధర పడిపోతుంది. ఆ చుక్కను కనపడకుండా తీసే ఆడవాళ్ళు ఒక మూల పీటలేసుకుని కూర్చునేవాళ్ళు. మా పెద్దమ్మ ఆ మూల మనిషి.

తెల్లారి పిల్లవాడు కారు తెచ్చి ఇంటి ముందర నిలిపాడు. పెద్దమ్మ పీట వేయించుకుని వెనక తలుపు దగ్గర కూర్చుంది. ముందు మరక చూడలేదు, వాసన చూసింది.

"కుసుమ నూనె. ఎన్ని దినాలైంది?"

"మూడు దినాలైందమ్మమ్మా."

"ఎండల పెట్టినవా?"

"లేదు. నీళ్ళు పోసి రుద్దిన."

"నీళ్ళు పోసి రుద్దితే మరక పోదు బిడ్డా, పెద్దగైతది. ఎండల పెట్టనందుకు బతికినవు."

ఎండ మాట ఎందుకన్నదో తర్వాత చదివి తెలుసుకున్నాను. మామూలు రకం కుసుమ నూనెలో దాదాపు నాలుగింట మూడు వంతులు లినోలెయిక్ ఆమ్లం. ఇలాంటి నూనె గాలి, వేడి తగిలితే చిక్కబడి, జిగటై, చివరకు వార్నిష్ లాగా గట్టిపడుతుంది. అందుకే దీన్ని రంగుల తయారీలో కూడా వాడతారు. మన ఊరి మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, మూసిన కారు లోపల ఇంకా ఎక్కువ. అలా నాలుగు రోజులు కాలిన కుసుమ నూనె మరకకు సబ్బు పనిచేయదు. పెద్దమ్మకు లినోలెయిక్ పేరు తెలియదు. "జిగట పడ్తది, పట్టుకుంటే ఇడ్వదు" అంటుంది. రెండూ ఒకటే మాట.

తర్వాత సీటు అంచు రెండు వేళ్ళతో నలిపింది. "ఇది నూలు గాదు, పాలిస్టర్. ఇది నీళ్ళు తాగదు, నూనె తాగుతది." నిజమే. కార్లలో గుడ్డ సీట్లు చాలావరకు పాలిస్టరే. నూలుకు నీళ్ళంటే ఇష్టం, పాలిస్టర్‌కు నూనె అంటే ఇష్టం. ఆ గుడ్డ కింద పల్చటి స్పాంజి పొర, దాని కింద మందపాటి స్పాంజి దిమ్మ. టవల్‌కు ఉన్న సుఖం సీటుకు లేదు. టవల్‌ను తిప్పి కింది నుంచి కడగవచ్చు, పిండవచ్చు, ఆరవేయవచ్చు. సీటుకు ఒక్క వైపే ఉంటుంది. పోసిన నీళ్ళు స్పాంజిలోకి దిగితే బయటికి వచ్చే దారి లేదు. వాసన, ఆ తర్వాత బూజు. పెద్దమ్మ చేసినదంతా ఈ ఒక్క ఇబ్బంది చుట్టూనే నడిచింది: నూనె పైకి రావాలి, నీళ్ళు కిందికి పోకూడదు.

మొదట పొడి పని. పాత తెల్ల టవల్ మడత పెట్టి మరక మీద అరచేతితో గట్టిగా అదిమింది. రుద్దలేదు. తీసి, టవల్ ఇంకో మడత తిప్పి మళ్ళీ అదిమింది. టవల్‌కు ఉండే ఆ నూలు ఉంగరాలే నూనెను లాగుతాయి, సాదా గుడ్డకు అంత శక్తి లేదు. ఇక నూనె అంటడం లేదన్నాక మరక మీద పొడి ముల్తానీ మట్టి వేలు మందం చల్లింది. ముఖానికి రాసుకునే మట్టే. ఇంగ్లీషులో దాని పేరు ఫుల్లర్స్ ఎర్త్. ఫుల్లర్ అంటే ఉన్ని గుడ్డను తొక్కి, ఉతికి, జిడ్డు వదిలించేవాడు. అంటే ఈ మట్టి అందం కోసం కాక ముందు మనలాంటి గుడ్డ పనివాళ్ళదే. ఇది చదివి నాకు భలే సంతోషమైంది. పెద్దమ్మకు చెబితే "మరి ఏమనుకున్నవు?" అన్నది.

నాలుగు గంటలయ్యాక చూస్తే మట్టి తడిసి ముదురు రంగుకు వచ్చింది. నూనె తాగిందన్నమాట. దాన్ని ఊడ్చి, పక్కింటి వాక్యూమ్ తెచ్చి లాగించి, మళ్ళీ కొత్త మట్టి చల్లి రాత్రంతా ఉంచాడు. సీటు తెల్లదో లేత రంగుదో అయితే మట్టి రంగు మిగిలే భయం ఉంది, అప్పుడు కార్న్‌ఫ్లోర్ వాడండి. పని అదే.

తెల్లారి సబ్బు పని. ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్. చేత్తో గిలకొట్టి నురగ తెప్పించి, ఆ నురగ మాత్రమే తీసి మరక మీద పెట్టింది. కింది నీళ్ళు ముట్టుకోలేదు. చిన్నపిల్లల మెత్తటి పళ్ళ బ్రష్‌తో మరక బయటి అంచు నుంచి నడుముకు పోయింది. నడుమ నుంచి బయటికి పోతే మరక పెరుగుతుంది. నాలుగు చుట్లు తిప్పడం, వెంటనే టవల్‌తో అదిమి ఎత్తడం, మళ్ళీ నురగ. సబ్బు అణువుకు ఒక కొస నూనెను పట్టుకుంటుంది, ఇంకో కొస నీళ్ళను పట్టుకుంటుంది. పట్టుకున్నదాన్ని టవల్‌తో ఎత్తకపోతే అది మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. చాలామంది ఇక్కడే పని చెడగొడతారు, బాగా రుద్ది వదిలేస్తారు. చివర ఉత్త నీళ్ళలో తడిపి గట్టిగా పిండిన టవల్‌తో రెండుసార్లు తుడిచింది. సబ్బు మిగిలితే దుమ్ము పట్టి వారంలో నల్లమరక తయారవుతుంది. మొత్తం మీద ఒక గ్లాసు నీళ్ళు కూడా అయిపోలేదు. నాలుగు తలుపులు తెరిచి, టేబుల్ ఫ్యాన్ పెట్టించింది.

సాయంత్రానికి సీటు కొత్తదానిలా ఉంది. పిల్లవాడు పెద్దమ్మ కాళ్ళు మొక్కాడు. "ఆగు, రేపు మళ్ళొస్తది" అన్నది.

వచ్చింది. పొద్దునకు పాత మరక చుట్టుకొలతతో ఒక పల్చటి వలయం. పిల్లవాని ముఖం చూడలేకపోయాను, అప్పటికి తారీఖు 31. ఇది ఎందుకవుతుందంటే, తడి ఆరేది పైనే కాబట్టి స్పాంజిలో మిగిలిన తడి గుడ్డ దారాల వెంట పైకి పాకుతుంది, దీపం వత్తిలో నూనె పాకినట్టు. పైకి వచ్చి నీళ్ళు ఆరిపోతాయి, తెచ్చిన నూనె అక్కడే దిగబడుతుంది. తెలియనివాళ్ళు మరక పోలేదని ఇంకా ఎక్కువ నీళ్ళు పోస్తారు. నిజానికి లోపలి నూనె తనంతట తాను పైకి వస్తుంటే అది మంచిదే. పెద్దమ్మ మళ్ళీ ఒక్కసారి నురగ పెట్టి, ఎత్తి, ఈసారి మరక మీద పొడి టవల్ నాలుగు మడతలు వేసి, దాని మీద పీట, పీట మీద జొన్నపిండి డబ్బా పెట్టించింది. రాత్రి పైకి పాకిన నూనె సీటు మీద ఆగకుండా టవల్‌లోకి పోయింది. రెండు రాత్రులు అలా చేశాం. మొదటి రాత్రి టవల్ మీద పసుపుపచ్చ గుండ్రం, రెండో రాత్రి దాదాపు ఏమీ లేదు.

కారం ఎరుపు కొంచెం మిగిలింది. అప్పుడు, నూనె అంతా పోయాక, ఎండ. పొద్దుటి ఎండ నేరుగా సీటు మీద పడేటట్టు తలుపు తెరిచి రెండు రోజులు నిలబెట్టాం. మిరపకాయ రంగు వెలుతురుకు పాలిపోతుంది. భోజనం క్యారియర్లు ఒలికే ఇళ్ళవాళ్ళకు ఇంకో మాట: పసుపు మరక కూడా ఎండకు పోతుంది, కానీ దాని మీద సోడాగానీ బట్టల సబ్బుగానీ వేస్తే ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో మన ఆడవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. భయపడకండి, సబ్బు కడిగేస్తే చాలావరకు తిరిగి పసుపుకే వస్తుంది.

ఒక పక్క మాట చెప్పాలి, ఇది సీటు కన్నా పెద్దది. పని చేస్తుండగా నేను అడిగాను, "పెద్దమ్మా, కార్ఖానాల కూడ ఇట్లనే సబ్బుతోనే తీస్తుంటిరా?" అని. కాదట. మొదట్లో ఒక మందు సీసాలో వచ్చేది, "సీటీసీ" అనేవాళ్ళు. చుక్క వేస్తే నూనె మాయం. తియ్యటి వాసన. మధ్యాహ్నానికల్లా తలనొప్పి. తన జోడీగా కూర్చునే ఆమె ఒక రోజు తల తిరిగి పడిపోతే మజ్జిగ తాగించి మళ్ళీ పీట మీద కూర్చోబెట్టారట. సీటీసీ అంటే కార్బన్ టెట్రాక్లోరైడ్. కాలేయానికి చేటు చేసే ద్రవం. ఆకాశంలో ఓజోన్ పొరకు కూడా చేటని 1987 మాంట్రియల్ ఒప్పందం కింద తర్వాత దాన్ని ఆపించారు. ఓజోన్ కోసం ఆపారు, పీట మీద కూర్చున్న ఆడవాళ్ళ కోసం కాదు. అది నా మాట, పెద్దమ్మది కాదు. ఆమె చెప్పింది ఇంతే: "నా చేతుల తోలు ఊసిపోయింది. సబ్బుతో తీస్తనని చెప్పిన. గంటకు తక్కువ పీసులైతయి, కూలి తక్కువైతది అన్నరు. కానీ అన్న."

ఇప్పటికీ గుడ్డ పనిలో కొన్ని చోట్ల తుపాకీలాంటి గన్‌తో మరక మీద ద్రావణం కొట్టే పని ఉంది. అందులో ట్రైక్లోరోఇథిలీన్ ఉంటే అది క్యాన్సర్ తెచ్చే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే ఐ.ఎ.ఆర్.సి. తేల్చింది. మన పిల్లలెవరైనా ఆ పనిలో ఉంటే డబ్బా మీద ఏం రాసి ఉందో ఫోటో తీసి పంపమనండి. కిటికీ, ఫ్యాను లేని గదిలో ఆ పని చేయవద్దని చెప్పండి. మూతికి గుడ్డ కట్టుకుంటే ఆవిరి ఆగదు.

మిగతా మరకల గురించి త్వరగా. తల ఆనించే చోట కొబ్బరి నూనె మరకలు అందరి గాడీల్లో ఉంటాయి. కొబ్బరి నూనె కుసుమలాగా గట్టిపడదు, 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, అంతే. కాబట్టి చలికాలం పొద్దున కాకుండా పగటిపూట తీయండి, మట్టి బాగా తాగుతుంది. మెకానిక్ చేతి నల్ల గ్రీజు వేరే సంగతి. ఆ నలుపు మసి, ఇనుప పొడి. ముందు చెంచా అంచుతో గీకి తీసి, తర్వాత నురగ. టవల్ ప్రతిసారీ శుభ్రమైన మడత తిప్పాలి, లేకపోతే తీసిన నలుపునే తిరిగి రాస్తారు. పాతబడి జిగటైన మరకకు మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకు అద్ది కొంత తీయవచ్చు. సీటుకు కనపడని చోట ముందు అద్ది చూడండి, రంగు వదిలితే ఆపేయండి. తలుపులు తెరవండి. బీడీ దూరం. ఇస్త్రీపెట్టె పద్ధతి, అంటే కాగితం వేసి కాల్చడం, నూలు చొక్కాకు సరే, పాలిస్టర్ సీటుకు వద్దు. ముందు సీట్ల కింద వైర్లు, కొన్ని గాడీల్లో సీటు పక్కనే ఎయిర్‌బ్యాగ్ ఉంటాయి, అక్కడ నీళ్ళు అసలే పోయకండి.

పిల్లవాని సంగతి చెప్పలేదు కదా. పెద్దమ్మ దగ్గర కార్ఖానా పరీక్ష ఒకటి ఉంది. ఉతికిన తెల్ల టవల్ సీటు మీద పరిచి, మధ్యాహ్నం వేడిలో బరువైన మనిషిని పావుగంట కూర్చోబెట్టింది. ఆ బరువైన మనిషి నేనే. లేచాక టవల్ వెలుతురులో పట్టుకుని చూసింది. మరక లేదు. వాలు ఎండలో చూస్తే సీటు మీద కొంచెం నీడలాగా ఇప్పటికీ కనపడుతుంది, ఆ మాట దాచను. కానీ గుడ్డకు అంటదు.

ఆ టవల్ మడత పెట్టుకుని పిల్లవాడు ముసలమ్మ ఇంటికి పోయాడు. ఆమె చీర కూడా తెచ్చి పెద్దమ్మ దగ్గర బాగు చేయించి ఇచ్చాడు. కొడుకు అప్పటికే రిక్షా మాట్లాడుకున్నాడు, చూద్దాం అన్నాడు. ఆ నెల వాయిదాకు తక్కువపడినది వాళ్ళ అక్క సర్దింది. పది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. రిక్షాలో నడుము ఒరుసుకుపోతోందని ముసలమ్మే అడిగిందట. ఇప్పుడు మళ్ళీ తీసుకుపోతున్నాడు. ఆమె ఎక్కే ముందు సీటు మీద తెల్ల టవల్ పరుస్తాడు. ఆమె మొదటి వారం దిగిన ప్రతిసారీ వెనక్కి తిరిగి టవల్ చూసుకునేదట, ఇప్పుడు చూడటం లేదని చెప్పాడు.

మొత్తం ఖర్చు నలభై రూపాయల మట్టి, ఇంట్లో ఉన్న లిక్విడ్. సంఘం గదిలో బీరువా కింది అరలో ఒక డబ్బా పెట్టాను: ఆరు తెల్ల టవళ్ళు, మట్టి, మెత్తటి బ్రష్ రెండు. కావలసినవాళ్ళు రిజిస్టర్‌లో పేరు రాసి తీసుకుపోండి, టవళ్ళు ఉతికి తెచ్చి పెట్టండి. మెత్తబరిచే లిక్విడ్ వేసి ఉతకకండి, టవల్ నూనె తాగడం మానేస్తుంది. పెద్దమ్మను అడగాలనుకునేవాళ్ళు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఫోన్ చేయకండి, పడుకుంటుంది. గాడీ తెచ్చేటట్టయితే పీట కూడా తెచ్చుకోండి, మా ఇంటి పీట ఆ జొన్నపిండి డబ్బా కింద విరిగింది.